ముక్కుకి రోజూ కాస్త తీరిక

కాకినాడ,
సెప్టెంబరు 20.

చిరంజీవి బుజ్జికి దొడ్డమ్మ దీవించి రాయునది.

మొన్న ఫోన్‌లో నీ గొంతు వింటే ప్రాణం ఉసూరుమంది. "దొడ్డమ్మా" అనబోతే "దొడ్డబ్బా" అని వచ్చింది. ముక్కు పూర్తిగా దిబ్బడేస్తే మకారాలన్నీ బకారాలవుతాయి. జూన్‌లో పట్టిన పడిశం ఇంకా వదల్లేదన్నావు. కూరలో పోపు మాడినా వాసన తెలియడం లేదన్నావు, పడుకుంటే చీమిడి గొంతులోకి జారి దగ్గొస్తోందన్నావు, బల్ల సొరుగు నిండా మాత్రల అట్టలే అన్నావు. చివరికి "దీన్ని శాశ్వతంగా పోగొట్టే మందేదైనా ఉందా?" అని అడిగావు. ఫోన్‌లో చెప్తే ఆఫీసు హడావుడిలో సగం వింటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను. దాచుకుని అవసరమైనప్పుడల్లా తీసి చూసుకో.

శాశ్వతంగా పోగొట్టే మందు లేదు బుజ్జీ. ఈ మాట మొదటే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ మందు కోసం వెతుక్కుంటూ తిరిగేవాళ్లే ఎక్కువ అవస్థ పడతారు. నెలకో డాక్టర్ని మారుస్తారు, పక్కింటివాళ్లు చెప్పిన బిళ్ల మింగుతారు, నాలుగు రోజులు బాగుంటే అన్నీ మానేస్తారు, మళ్లీ మొదటికొస్తుంది. అయితే దీన్ని అదుపులో పెట్టుకుని హాయిగా బతకొచ్చు. ఢిల్లీ సరోజినీ నగర్ క్వార్టర్లో కాపురం ఉన్నన్నాళ్లూ నాకూ ఇదే బాధ. ముక్కులో కండలు, పాలిప్స్ అంటారే, అవి పెరిగితే ఆపరేషన్ కూడా చేశారు. ఇన్నేళ్ల తర్వాత నేను నీకు గట్టిగా చెప్పగలిగింది ఒకటే. ముక్కు బిగుసుకుపోయిన రోజున చేసే పెద్ద వైద్యం కన్నా, బాగున్న రోజున కూడా మానకుండా చేసే చిన్న పని ఎక్కువ పనికొస్తుంది.

ముందుగా ఇది సైనసేనా అన్నది తేలాలి. మనవాళ్లకి నుదురు నొప్పెడితే చాలు, సైనస్ అనేస్తారు. డాక్టర్ల లెక్క వేరు. ముక్కు దిబ్బడ, ముందుకో గొంతులోకో చీమిడి కారడం, ముఖం బరువెక్కి నొప్పిగా ఉండడం, వాసన తగ్గిపోవడం, ఈ నాలుగింట్లో కనీసం రెండుండాలి. ఆ రెండింట్లో ఒకటి దిబ్బడో కారడమో అయి తీరాలి. పన్నెండు వారాలు దాటాలి. ఆ పైన ఎండోస్కోపుతో లోపలికి చూసినప్పుడో సీటీ స్కాన్‌లోనో వాపు కనిపించాలి. అప్పుడు దాన్ని దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. నీ లక్షణాలు చూస్తే అదేననిపిస్తోంది, కానీ ఒక్కసారి ఈఎన్‌టీ డాక్టరు చూసి చెప్పాలి. అలా కాకుండా ముక్కు తేటగానే ఉండి, తల ఒక్కటే పగిలిపోతూ, వాంతి వచ్చినట్టుండి, వెలుతురు చూడలేక చీకటి గదిలో పడుకోవాలనిపిస్తే అది మైగ్రేన్ అయ్యుండొచ్చు. మైగ్రేన్‌లోనూ ముక్కు కారుతుంది, కళ్లు నీళ్లు పెట్టుకుంటాయి, జనం పొరబడేది అక్కడే. సైనస్ తలనొప్పి అనుకుని వచ్చేవాళ్లలో చాలామందికి ఉన్నది మైగ్రేనేనని పరిశోధనల్లో తేలింది. ఇంకోటి గుర్తుంచుకో. ఒకవైపు ముక్కు నుంచే కుళ్లు వాసనతో చీమిడి వస్తుంటే పంటి డాక్టర్ని కూడా కలవాలి. పైదవడ దంతాల వేళ్లు బుగ్గ సైనస్‌కి ఆనుకునే ఉంటాయి. పన్ను పుచ్చిపోయి చీము పైకెక్కితే ముక్కుకి ఎన్ని మందులు వేసినా లాభం లేదు.

లోపల జరిగేదేమిటో తెలిస్తే చేసే పని మీద నమ్మకం కుదురుతుంది, అందుకే రెండు ముక్కలు చెప్తాను. బుగ్గల్లో, నుదుట్లో, కళ్ల మధ్య, ఇంకా లోపల ముక్కు వెనకాల, నాలుగు జతల గాలి గదులున్నాయి. వాటి గోడలకి కంటికి కనపడని సన్నని నూగు ఉంటుంది. అది ఎప్పుడూ ఒకే దిక్కుగా ఊగుతూ, లోపల ఊరిన జిగటని ద్వారం వైపు నెట్టుతూ ఉంటుంది. చిక్కంతా బుగ్గ గదితోనే. దాని ద్వారం అడుగున లేదు, పైన ఉంది. మేడమీది నీళ్ల ట్యాంకుకి కుళాయి అడుగున కాకుండా అంచు దగ్గర బిగిస్తే ఎలా ఉంటుందో ఊహించుకో. నిలబడి ఉన్న మనిషిలో ఆ జిగట తనంతట తాను కిందికి కారిపోలేదు, ఆ నూగు పైకి మోయాల్సిందే. దుమ్ము, పొగ, పుప్పొడి, వైరస్ ఏది తగిలినా ద్వారం చుట్టూ వాపు వస్తుంది, నూగు నీరసిస్తుంది, లోపలిది లోపలే నిలవుంటుంది. కాబట్టి మన పని రెండు రకాలు. వాపు తగ్గించాలి, నిలవున్నదాన్ని కడిగెయ్యాలి.

కడగడం గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, నాకు అన్నిటికన్నా మేలు చేసింది అదే. జలనేతి అంటే యోగాభ్యాసం చేసేవాళ్లకి మాత్రమే అనుకోకు. హఠయోగ గ్రంథాల్లో చెప్పిన ఆరు శుద్ధి క్రియల్లో నేతి ఒకటి. ఇవాళ ఈఎన్‌టీ డాక్టర్లు చీటీ మీద రాసే "సెలైన్ వాష్" దాదాపు అదే పని. కొమ్ము ఉన్న నేతి పాత్రతోనైనా చెయ్యొచ్చు, మందుల షాపులో దొరికే మెత్తని ప్లాస్టిక్ సీసాతోనైనా చెయ్యొచ్చు. నాకు సీసా సుళువు.

నీళ్లు మాత్రం కాచి చల్లార్చినవే వాడాలి. ఇందులో మినహాయింపు లేదు. "ఆర్‌ఓ నీళ్లేగా దొడ్డమ్మా, తాగేవే కదా" అంటావు. తాగడం వేరు, ముక్కులోకి పోసుకోవడం వేరు. నీగ్లేరియా అని ఒక అమీబా ఉంది. నీళ్లతో కడుపులోకి పోతే ఏమీ చెయ్యదు, ముక్కులోంచి లోపలికి పోతే వాసన తెలిపే నరం పట్టుకుని మెదడుకి ఎక్కుతుంది. ఆ జబ్బు చాలా అరుదు, కానీ వస్తే బతికేవాళ్లు తక్కువ. అమెరికాలో లూసియానా రాష్ట్రంలో 2011లో ఇద్దరు కుళాయి నీళ్లతో నేతి చేసుకుని చనిపోయారు. 2024లో మన కేరళలో చెరువుల్లో స్నానం చేసిన పిల్లలకి ఇలాంటి జబ్బొచ్చి పేపర్లన్నీ రాశాయి. ఆర్‌ఓ యంత్రం నీటిని రుచిగా చేస్తుంది, క్రిములు బొత్తిగా లేకుండా చేస్తుందని నమ్మకం పెట్టుకోకూడదు. అందుకని రాత్రి వంటిల్లు సర్దుకునేటప్పుడు ఒక గిన్నెడు నీళ్లు తెర్లనిచ్చి, పైకి పొంగులొచ్చాక ఇంకో నిమిషం పాటు మరగనిచ్చి, మూతపెట్టి ఉంచు. ఒక రోజుకి సరిపోతాయి. రెండో రోజుకి మళ్లీ కాచుకో.

ఒక పెద్ద కప్పు, అంటే 240 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లకి అర టీస్పూను ఉప్పు, చిటికెడు వంటసోడా. అయొడిన్ కలపని ఉప్పయితే మంట తక్కువ. అది దొరక్కపోతే కొలిచి కట్టిన పొట్లాలు మందుల షాపుల్లో ఉంటాయి, వాటితో మొదలుపెట్టు. ఉప్పు లేకుండా ఒట్టి నీళ్లు మాత్రం పోసుకోకు, ముక్కు మండి మళ్లీ ఆ పని జోలికే వెళ్లవు. చేతులు కడుక్కుని సింకు మీదికి బాగా వంగు. తలని కొద్దిగా పక్కకి తిప్పు. నోరు తెరిచి నోటితోనే ఊపిరి తీసుకో. సీసా మూతిని పై ముక్కుపుటానికి ఆనించి మెల్లగా నొక్కు. నీళ్లు లోపల చుట్టి రెండో పుటం నుంచి కారతాయి. మొదట్లో ఉక్కిరిబిక్కిరి అయినట్టుంటుంది, అప్పుడు "కా" అని సాగదీస్తూ ఉంటే గొంతు వెనక దారి మూసుకుని నీళ్లు నోట్లోకి రావు. సగం అటు, సగం ఇటు. ఆ తర్వాత వంగే ఉండి, తలని అటూ ఇటూ తిప్పి మిగిలిన నీళ్లు పోనివ్వు. ముక్కు చీదేటప్పుడు రెండు పుటాలూ వదిలేసి మెల్లగా చీదు. ఒకటి మూసి గట్టిగా చీదితే ఆ ఒత్తిడికి చెవులు నొప్పెడతాయి.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చీ రాగానే చేసుకో, ఆ రోజు పీల్చిన దుమ్మంతా అప్పుడే పోతుంది. పడుకునే ముందు వద్దు, లోపల మిగిలిన నీళ్లు దిండు మీద కారతాయి. ముక్కు ఒకవైపు పూర్తిగా మూసుకుపోయిన రోజున, చెవి పోటు ఉన్న రోజున బలవంతంగా పోయకు. సీసాని ప్రతిసారీ కాచిన నీళ్లతో కడిగి తలకిందులుగా ఆరబెట్టు, మూడు నెలలకోసారి కొత్తది కొనుక్కో. తడిసిన సీసాలో క్రిములు పెరిగితే ఇంత శ్రమా వృథా.

కడుక్కున్నాక, ఓ పది నిమిషాలాగి డాక్టరు రాసిన స్టెరాయిడ్ స్ప్రే. ఫ్లూటికాసోన్ అనో మొమెటాసోన్ అనో రాస్తారు. మీ అమ్మ "స్టెరాయిడా!" అని గుండెలు బాదుకుంటుంది, దానికి నేను నచ్చజెప్తాను. మింగే స్టెరాయిడ్ మాత్ర వేరు, ఇది వేరు. దీని మోతాదు చాలా తక్కువ, ముక్కు లోపలి పొర మీదే పనిచేస్తుంది. కంట్లో గ్లాకోమా లాంటిది ఉంటే మాత్రం ముందే డాక్టరుకి చెప్పాలి. చాలామంది తప్పు కొట్టుకుని, పనిచెయ్యలేదని పారేస్తారు. తల వెనక్కి వాల్చకు, కొంచెం ముందుకి వంచు. ఎడమ పుటంలోకి కుడి చేత్తో, కుడి పుటంలోకి ఎడమ చేత్తో కొట్టుకో. అప్పుడు మొన ముక్కు మధ్య గోడకి కాకుండా బయటి వైపుకి, కంటి చివర వైపుకి తిరుగుతుంది. మధ్య గోడకి రోజూ తగిలితే అక్కడ ఒరిసి నెత్తురొస్తుంది. కొట్టాక గట్టిగా ఎగపీల్చకు, పీలిస్తే మందు గొంతులోకి పోతుంది. ఇది ఇవాళ కొడితే ఇవాళ ఊపిరి ఆడదు. రెండు మూడు వారాలు పట్టొచ్చు. ఆ రెండు వారాల్లోనే చాలామంది మానేస్తారు, నువ్వు మానకు.

ఇవాళ కొడితే ఇవాళే ఊపిరాడే చుక్కలు వేరే ఉన్నాయి, వాటి దగ్గరే జాగ్రత్త కావాలి. జైలోమెటాజోలిన్, ఆక్సీమెటాజోలిన్ అని మందు పేరు ఉంటుంది, ఓట్రివిన్, నాసివియన్ పేర్లతో అమ్ముతారు. జలుబు ముదిరినప్పుడు మూడు నాలుగు రోజులు వాడుకుంటే తప్పు లేదు. వారం దాటితే ముక్కు దానికి అలవాటు పడుతుంది. మందు బలం తగ్గగానే లోపలి రక్తనాళాలు ముందుకన్నా ఎక్కువ ఉబ్బుతాయి, మళ్లీ చుక్క వెయ్యాలి, ఇంకా ఉబ్బుతాయి. మా బ్లాకులో ఒకావిడ కొంగు ముడిలో ఆ సీసా లేకుండా గుడికి కూడా వెళ్లేది కాదు. రాత్రిళ్లు దిండు కింద ఉండేది. డాక్టరు దాన్ని మాన్పించడానికి, ఒకవైపు పుటంలో ముందు ఆపించి, స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టించి, రెండోవైపు తర్వాత ఆపించాడు. ఆ వారాలు ఆవిడ పడిన అవస్థ చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నాను. నీ బ్యాగులో ఆ సీసా ఉందని నాకు తెలుసు. ఎప్పటి నుంచి వాడుతున్నావో డాక్టరుకి ఉన్నదున్నట్టు చెప్పు.

అలాగే కెమిస్టు దగ్గరికెళ్లి "అజిత్రోమైసిన్ ఇయ్యండి" అనడం మానెయ్. చీమిడి పసుపుగానో పచ్చగానో ఉంటే బ్యాక్టీరియా పట్టిందని అర్థం కాదు. మామూలు జలుబులో కూడా రంగు మారుతుంది. యాంటీబయాటిక్ అవసరమా కాదా అన్నది చూసి చెప్పాల్సింది డాక్టరు. అలర్జీ ఉండి తుమ్ములు, దురద ఉంటే సెట్రిజిన్ లాంటివి పనికొస్తాయి. ఒట్టి దిబ్బడకి అవి పెద్దగా చేసేదేమీ లేదు.

ఆవిరి సంగతి అడుగుతావని తెలుసు. పసుపు, వాము, తులసాకులు వేసి దుప్పటి ముసుగేసుకుంటే కాసేపు హాయిగా ఉంటుంది, ఆ హాయి కోసం పట్టుకో. జబ్బుని అది తగ్గిస్తుందని మాత్రం అనుకోకు. బ్రిటన్‌లో ఎనిమిది వందల మందికి పైగా రోగుల మీద ఆవిరిని, ఉప్పునీటి కడుగుడుని పోల్చి చూసి 2016లో ఫలితాలు ప్రకటించారు. కడుక్కున్నవాళ్లకి కొంత మేలు కనపడింది, ఆవిరి వల్ల చెప్పుకోదగ్గ తేడా లేదు. మరిగే గిన్నె ఒళ్లో పెట్టుకుని ముసుగేసుకోవడం ప్రమాదం కూడా. గిన్నె ఒరిగి తొడలు కాలిన పిల్లల్ని ఆస్పత్రుల్లో చూస్తూనే ఉంటారు. బల్ల మీద పెట్టుకో, పొయ్యి దించాక కాసేపు ఆగు. పసుపుకొమ్ము కాల్చి పొగ పీల్చడం మన ఇళ్లలో మామూలే, అమ్మమ్మ మన చేత కూడా పీల్పించేది. అది మాత్రం నీకు వద్దు. వాచిన పొరకి ఏ పొగైనా శత్రువే.

అమృతాంజనం మాన్పించను. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో మొదలుపెట్టిన ఆ పసుపుపచ్చ సీసా లేని తెలుగిల్లుందా! ఆ వ్యాపారంలో నిలదొక్కుకునే ఆయన 1908లో ఆంధ్రపత్రిక పెట్టగలిగారు. కణతలకి రాసుకో, హాయిగా నిద్రపో. పుటాల లోపల మాత్రం రాయకు. ఇలాంటి మందుల్లోని ఘాటు, ముఖ్యంగా మెంథాల్, ముక్కులో చలువ తెలిపే నరాలని మేల్కొలుపుతుంది. గాలి బాగా ఆడుతున్నట్టు అనిపిస్తుంది, లోపల వాపు మాత్రం అలాగే ఉంటుంది.

ఇక మీ ఊరు. కాకినాడలో నీకెప్పుడూ లేని ఈ బాధ అక్కడ ఎందుకొచ్చిందంటే, ఢిల్లీలో ముక్కుకి సెలవు నెల అంటూ లేదు. ఫిబ్రవరి చివర నుంచి ఏప్రిల్ దాకా పుప్పొడి. చిల్బిల్ అనీ పాప్రీ అనీ పిలిచే పెద్ద చెట్లుంటాయి, పల్చటి బిళ్లల్లాంటి కాయలు రోడ్డంతా రాలుస్తాయి. ఢిల్లీవాళ్లకి అలర్జీ తెచ్చే పుప్పొళ్లలో దానిది పెద్ద పీట. రిడ్జ్ అడవంతా విలాయతీ కీకర్, అదే మన సర్కారు తుమ్మ. దాని పుప్పొడీ పడదు చాలామందికి. మే, జూన్‌లలో ధూళి తుఫాన్లు, ఎడారి కూలర్లు. వానాకాలంలో గోడల చెమ్మ, బూజు. సెప్టెంబరు, అక్టోబరులో గడ్డి, కలుపు మొక్కల పుప్పొడి రెండో విడత. దీపావళి దగ్గర పడేసరికి పొలాల్లో కాల్చే పంట దుబ్బుల పొగ, బాణసంచా, బండ్ల పొగ అన్నీ కలిసి, చలికి గాలి కదలక నేలకి అంటుకుని కూర్చుంటాయి. ఇలాంటి చోట జబ్బు ముదిరినప్పుడే మందు వేసుకుంటానంటే కుదరదు. రోజూ కడుక్కోమని నేను పోరేది అందుకే.

పైగా నువ్వుండేది సరోజినీ నగర్. మేమున్నప్పటి రెండంతస్తుల పాత క్వార్టర్లు కూలగొట్టి టవర్లు లేపుతున్నారు. 2018లో చెట్లు కొట్టెయ్యబోతే కాలనీవాళ్లు చెట్లని కౌగిలించుకుని నిలబడ్డారు, హైకోర్టు కొంతకాలం ఆపింది కూడా. 2025 జనవరిలో ప్రారంభించిన టైప్-2 టవర్లే ఇరవై ఎనిమిది, రెండున్నర వేలకి పైగా ఇళ్లు. కొత్త ఇల్లు వచ్చినందుకు నాకు సంతోషమే. ఆ చుట్టుపక్కల ఇంకా తవ్వకాలూ కట్టడాలూ సాగుతున్నంత కాలం సిమెంటు దుమ్ము నీ బాల్కనీలోకి వస్తూనే ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకో. రోజూ ఫోన్‌లో కాలుష్య మండలివాళ్ల సమీర్ యాప్ తెరిచి ఆర్.కె. పురం అంకె చూడు, మీకు దగ్గర్లో ఉన్న కేంద్రాల్లో అదొకటి. 300 దాటితే చాలా చెడ్డ గాలి, 400 దాటితే తీవ్రం అని లెక్క. అలాంటి రోజుల్లో పొద్దున్నే పార్కులో నడక వద్దు. చలికాలంలో రాత్రీ తెల్లవారుజామూనే గాలి మరీ అధ్వానం, మధ్యాహ్నం ఎండెక్కాక కాస్త నయం. కిటికీ తెరవాల్సి వస్తే అప్పుడు తెరు. బయటికి ఎన్95 మాస్కు పెట్టుకో, ముక్కు మీది తీగ వేళ్లతో నొక్కి అంటుకునేలా చూసుకో. మార్కెట్లో గౌనుకి జతగా అమ్మే గుడ్డ మాస్కు పొగని ఆపదు.

ఇంట్లో చీపురుతో దుమ్ము రేపకు, తడిగుడ్డతో తుడువు. డబ్బు కూడబెట్టి గాలి శుభ్రం చేసే యంత్రం కొనుక్కుంటే హెపా ఫిల్టరున్నది, నీ పడకగది వైశాల్యానికి సరిపోయేది చూసి కొను. తలుపులు మూసి అక్కడే నడిపించు, హాలంతా శుభ్రం చెయ్యాలని చూడకు. ఓజోన్ వదిలే రకం వద్దు. దివాన్ పెట్టెలో ఎనిమిది నెలలు మూలిగిన రజాయిని చలి రాగానే తీసి అలాగే కప్పుకోకు. వాతావరణం తేటగా ఉన్న రోజు చూసి ఎండలో పడేసి, బాగా దులిపి, ఉతికిన గలేబు తొడిగి కప్పుకో. దిండు గలేబులు వారానికోసారి వేడి నీళ్లతో ఉతుకు. బట్టల్లో ఉండే పురుగు, డస్ట్ మైట్, కంటికి కనపడదు, దాని మురికే అలర్జీ తెస్తుంది. కూలర్ వాడితే సీజన్ మొదట్లో గడ్డి మెత్తలు కొత్తవి వేయించు, నీళ్లు నిలవుండనీకు. ఉత్తర భారతంలో బూజు వల్ల వచ్చే సైనస్ జబ్బు ఎక్కువని డాక్టర్లు చెప్తారు. ఒకవైపు జిగురు మట్టిలాంటి చీమిడి పేరుకుంటే అది కావచ్చు. దానికి ఆపరేషనే దారి.

వంటింట్లో ఎండుమిరపకాయల పోపు పెట్టేముందే ఎగ్జాస్ట్ ఫ్యాన్ వెయ్యి, ఘాటెక్కాక కాదు. పూజ దగ్గర అగరొత్తి, శనివారం సాంబ్రాణి కొన్నాళ్లు ఆపు. నూనె దీపం చాలు, దేవుడికి లోటేం లేదు. దోమలకి కాయిల్ బదులు దోమతెర కట్టుకో.

తిండి గురించి ఎక్కువ చెప్పను. పెరుగు మానెయ్యమని నీకు పదిమంది చెప్పి ఉంటారు. పాలూ పెరుగూ చీమిడిని పెంచుతాయనడానికి ఆధారం లేదు. పెరుగన్నం లేకుండా మనకి భోజనం అయినట్టుండదు, హాయిగా తిను. ఏదైనా తిన్న ప్రతిసారీ నీకు ఇబ్బందిగా ఉంటే అది నీ ఒంటి సంగతి, అది ఒక్కటి మానెయ్. మిరియాల చారు వేడివేడిగా తాగు, నీళ్లు బాగా తాగు, తలంటుకున్నాక జుట్టు ఆరబెట్టుకుని పడుకో, దిండు కాస్త ఎత్తు పెట్టుకో. అంతే. ఆస్తమా కూడా ఉండి, ఆస్పిరిన్ వేసుకున్నా బ్రూఫెన్ లాంటి నొప్పి బిళ్ల వేసుకున్నా ఆయాసమో దిబ్బడో పెరుగుతుంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పాలి. పాలిప్స్ ఉన్నవాళ్లలో కొందరికి ఆ మూడూ కలిసి ఉంటాయి.

ఇంట్లో చూసుకోవడానికి ఒక హద్దుంది. కన్ను చుట్టూ వాచినా, ఎర్రబడినా, ఒకటి రెండుగా కనిపించినా, చూపు మసకబారినా, విపరీతమైన తలనొప్పితో జ్వరం వచ్చి మెడ పట్టేసినా, ఇక ఉప్పునీళ్లూ ఆవిరీ అని కూర్చోకు. అది రాత్రి రెండైనా సరే, ఎమర్జెన్సీకి వెళ్లు. మీ కాలనీకి అంత దగ్గర్లో ఎయిమ్స్, దాని ఎదురుగా సఫ్దర్‌జంగ్ ఆస్పత్రి ఉన్నాయి. దేశంలో ఎంతమందికి అంత దగ్గరగా అలాంటి రెండు ఆస్పత్రులున్నాయి చెప్పు. ఎమర్జెన్సీ కాకపోతే ముందు నీ సీజీహెచ్‌ఎస్ కార్డుతో డిస్పెన్సరీకి వెళ్లి, అక్కడినుంచి ఈఎన్‌టీకి రాయించుకో. ఎప్పటి నుంచి, ఏ వైపు, ఏ మందు ఎన్ని రోజులు అన్నది ఒక కాగితం మీద రాసుకెళ్లు. క్యూలో నిలబడి లోపలికెళ్లాక నీకు దొరికే సమయం కొంచెమే, అప్పుడు ఆ కాగితమే మాట్లాడుతుంది. తుమ్ములూ దురదా ఎక్కువుంటే అలర్జీ పరీక్ష గురించి అడుగు. యూనివర్సిటీ దగ్గరున్న పటేల్ చెస్ట్ ఇన్‌స్టిట్యూట్‌లో పుప్పొడి మీదా అలర్జీ మీదా ఏళ్లుగా పనిచేస్తున్నారు. మందులూ కడుగుడూ సరిగ్గా వాడినా తగ్గకపోతే సీటీ స్కాన్ తీస్తారు, అప్పుడు ఎండోస్కోపుతో చేసే ఆపరేషన్ మాట వస్తుంది. భయపడకు. కాకపోతే ఆపరేషన్ అయ్యాక ఇక ముక్కు మాట మరిచిపోవచ్చనుకోకు. ద్వారాలు వెడల్పు చేస్తారు, కడగడమూ స్ప్రేయూ ఆ తర్వాత కూడా నీ పనే. నేను ఇవాళ పొద్దున కూడా కడుక్కున్నాను.

మీ అమ్మ సంక్రాంతి వెళ్లాక నీ దగ్గరికి వస్తానంటోంది. దానికి షుగరుంది, అదే నాకు బెంగ. 2021 మే నెలలో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు హైదరాబాదు కోఠీ ఈఎన్‌టీ ఆస్పత్రిని ప్రత్యేకంగా దానికే కేటాయించారు, గుర్తుందా? ఆ జబ్బు పట్టినవాళ్లలో ఎక్కువమంది షుగరు అదుపులో లేనివాళ్లూ, కోవిడ్‌కి స్టెరాయిడ్లు వాడినవాళ్లూ. కాబట్టి మీ అమ్మ నీ దగ్గరున్నప్పుడు ముక్కు దిబ్బడతో పాటు బుగ్గ మొద్దుబారిందన్నా, పళ్లు కదులుతున్నాయన్నా, ముక్కులో నల్లటి పెచ్చు కనిపించినా ఒక్క పూట కూడా ఆగకు. జనవరి పొగలో తెల్లవారుజామున లేచి గుడికి బయల్దేరతానంటుంది, దాన్ని ఎండెక్కే దాకా ఆపడం నీ వంతు.

ఉప్పు పొట్లాలూ రెండు కొత్త సీసాలూ పార్సిల్ చేశాను, ఈ వారంలో అందుతాయి. దాంతో పాటే మిరియాల పొడి, శొంఠి పొడి పెట్టాను. అందగానే ఫోన్ చెయ్యి, మొదటిసారి కడుక్కునేటప్పుడు వీడియో కాల్‌లో నేను పక్కనుంటాను.

ఇట్లు,
నీ దొడ్డమ్మ.